పెరట్లో చూపు ఆగే చోటు

పెరట్లో నేను పెట్టిన మొదటి అలంకారం ఒక సిమెంటు కొంగ. నడుం ఎత్తు ఉంటుంది, ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. ఇద్దరం మోసుకొచ్చి, టేపు పట్టి కొలిచి, పెరటికి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాం. నెల తిరిగేసరికి ఇంట్లో దాని ఊసెత్తేవాళ్ళే లేరు. ఒకరోజు మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర ఉంటే, "కొంగ ఎలా ఉంది?" అని అడిగాను.

"నాకు తోక తప్ప ఏమీ కనపడదండీ. మిగతాదంతా క్రోటన్ మింగేసింది" అంది.

ఆ మాటకి సిగ్గేసింది. నేను ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని చూసేముందు కెమెరా ఎక్కడుందో చూసుకోండిరా అని, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకి వందసార్లు చెప్పి ఉంటాను. సొంత పెరట్లోకి వచ్చేసరికి కెమెరా సంగతే మర్చిపోయి నేల కొలిచాను.

తోటపని తెలిసినవాళ్ళు ఫోకల్ పాయింట్ అనేది ఒకటుంది. తోటలోకి చూడగానే చూపు ముందుగా వెళ్ళి వాలే వస్తువు, వాలాక కాసేపు నిలిచే చోటు. చెట్టు కావచ్చు, కుండ కావచ్చు, బెంచీ కావచ్చు, నీళ్ళ తొట్టి కావచ్చు. అది లేని తోటలో ఒక్కో మొక్కా ఎంత బాగున్నా కళ్ళు అటూ ఇటూ తిరిగి ఉత్తచేతులతో వెనక్కి వచ్చేస్తాయి. ఏం చూశావని అడిగితే "మొక్కలున్నాయి" అని తప్ప ఇంకేం చెప్పలేం.

కెమెరా ఎక్కడుంది?

తోటని మనం తోటలో నిలబడి చూసేది తక్కువ. ఇంట్లో ఏదో పని చేసుకుంటూ తలెత్తినప్పుడు చూసేదే ఎక్కువ. అందుకని గునపం పట్టుకునేముందు ఒక వారం రోజులు మిమ్మల్ని మీరే గమనించుకోండి. ఎక్కడెక్కడ నిలబడి, ఎక్కడ కూర్చుని బయటికి చూస్తున్నారు? మా ఇంట్లో మూడు చోట్లు తేలాయి: వంటింటి కిటికీ, వెనక గుమ్మం, వరండాలో నా కుర్చీ. కొంగని కొలిచి పెట్టిన ఆ నడిమధ్య బిందువు నుంచి కానీ, దాని చుట్టూ తిరిగి కానీ ఎవరూ దేన్నీ చూడటం లేదు.

ఆ చోట్లలో ఎక్కువసేపు గడిచేది ఒకటుంటుంది. దానితో మొదలుపెట్టండి. మూడింటికీ ఒకేసారి న్యాయం చేద్దామనుకుంటే ఒక్కదానికీ జరగదు.

నిలబడి చూస్తున్నారా, కూర్చుని చూస్తున్నారా అన్నది కూడా రాసుకోండి. నిలబడినప్పుడు కళ్ళు నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటాయి. కుర్చీలో కూర్చుంటే అవే కళ్ళు మరో 30, 40 సెంటీమీటర్లు కిందికి దిగుతాయి. గుమ్మంలో నిలబడితే చక్కగా కనబడే కుండ, కుర్చీలో చేరగిలబడగానే ముందున్న మొక్క చాటుకి పోతుంది. ఈ చిన్న తేడా చూసుకోక చాలామంది ఖర్చుపెట్టి మరీ వస్తువుని దాచేస్తుంటారు. నా కొంగే సాక్షి.

ఇప్పుడు అసలు పని. దీనికి ఇద్దరు కావాలి, ఒక వెదురు కర్ర, ఒక తెల్లగుడ్డ, వైట్‌బోర్డు మీద రాసే మార్కరు పెన్ను కావాలి. కర్ర కొసకి గుడ్డ కట్టుకుని ఒకరు పెరట్లోకి వెళ్ళాలి. రెండోవాళ్ళు కిటికీ దగ్గర ఎప్పుడూ నిలబడే చోటే, ఎప్పుడూ నిలబడే తీరులోనే నిలబడాలి. కర్ర పట్టుకున్నవాళ్ళు నెమ్మదిగా అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ జరుగుతూ పోవాలి. ఎక్కడో ఒకచోట "ఆగండి, అక్కడే" అనిపిస్తుంది. ఎందుకో అప్పుడే చెప్పలేకపోయినా ఫరవాలేదు. ఆ గుడ్డ కనబడుతున్నచోట కిటికీ అద్దం మీద చుక్క పెట్టండి. కర్ర పాతినచోట నేలలో ఒక మేకు దిగ్గొట్టండి.

మా ఇంట్లో నా చుక్కకీ మా ఆవిడ చుక్కకీ నాలుగు వేళ్ళు తేడా వచ్చింది. నేను పొడుగు, ఆవిడ కాదు. గిన్నెలు నేనూ తోముతాను కానీ ఆ కిటికీ దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆవిడే కాబట్టి ఆవిడ చుక్కే ఖాయం చేశాం. ఆ చుక్క అద్దం మీద పదిహేను రోజులు ఉంది. తుడవొద్దని పక్కన కాగితం కూడా అతికించాం.

చూపుని ముందే లాగేసుకుంటున్నవి

కొత్త వస్తువు తేవడానికి తొందరపడకండి. మీ పెరట్లో ఫోకల్ పాయింట్ ఇప్పటికే ఒకటి ఉండి ఉంటుంది. కాకపోతే అది మీరు పెట్టింది కాదు.

ఆ చుక్క ఉన్నచోట ఫోన్ పెట్టి ఒక ఫోటో తీయండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. దాదాపు అన్ని స్మార్ట్‌ఫోన్లలోనూ ఆ సౌకర్యం ఉంది. ఇప్పుడు కళ్ళు సగం మూసి చూడండి. రంగుల సందడి పోయాక మిగిలేది వెలుగు, చీకటి. ఏ రెండూ పక్కపక్కనే గట్టిగా కొట్టుకుంటున్నాయో అక్కడికే చూపు పరిగెడుతుంది. నా ఫోటోలో అలా పరిగెత్తి ఆగింది కుళాయి దగ్గరున్న తెల్ల ప్లాస్టిక్ పైపు మీద. దట్టమైన ఆకుల మధ్య సుద్దముక్కతో గీత గీసినట్టుంది. తర్వాతది నీళ్ళ డ్రమ్ము. ఆ తర్వాత బట్టలారేసే తీగ. కొంగ ఆరోదో ఏడోదో.

రంగుల ఫోటో ఇంకో నిజం చెప్పింది. బ్లాక్ అండ్ వైట్‌లో బూడిదరంగులో కలిసిపోయిన ఎర్ర బకెట్, రంగుల్లో చూస్తే అందరికంటే ముందు చెయ్యెత్తి నిలబడింది. అందుకని రెండు ఫోటోలూ చూడాలి. ఒకటి వెలుగు తేడాల్ని పట్టిస్తుంది, రెండోది రంగు తేడాల్ని.

పైపుకి ముదురు ఆకుపచ్చలో కాస్త నలుపు, కాస్త గోధుమరంగు కలిపి మబ్బుగా ఉండే రంగు వేశాను. నిగనిగలాడే ఆకుపచ్చ పెయింటు వేస్తే ఆకుల్లో కలవదు సరికదా, ఇంకా ఎక్కువ కనబడుతుంది. మెరుపు లేని పెయింటే పనికొస్తుంది. డ్రమ్ముని కిటికీకి కనబడని గోడ పక్కకి జరిపాను. బకెట్‌ని వాడగానే లోపల పెట్టడం అలవాటు చేసుకున్నాం. ఆ సాయంత్రం పెరట్లో కొత్తగా ఏమీ లేదు. అయినా ఎవరో ఊడ్చి, కళ్ళకి అడ్డం తీసినట్టుంది. ఇంతటితో ఆగిపోయినా సగం పని అయిపోయినట్టే.

ముందు దొంగ వస్తువుతో రిహార్సల్

మేకు కొట్టినచోట ఏదైనా డమ్మీ నిలబెట్టండి. మూడు బకెట్లు ఒకదానిమీద ఒకటి బోర్లించి పాత దుప్పటి కప్పినా చాలు. అట్టపెట్టెలు పేర్చినా చాలు. దాన్ని కనీసం మూడు నాలుగు రోజులు ఉంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. పొద్దున ఎదురుగా ఎండపడి మెరిసే చోటు సాయంత్రానికి గోడ నీడలో మునిగిపోవచ్చు. మీరు ఏ వేళ ఇంట్లో ఉంటారో ఆ వేళ బాగుండాలి. పగలంతా బయటే ఉండేవాళ్ళకి మధ్యాహ్నపు ఎండలో అందం ఎందుకు?

ఎత్తు ఎంత ఉండాలి అన్నదానికి ఒక పాత లెక్క ఉంది. ఒక వస్తువు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో నిలబడితే అది మొత్తంగా, తల ఎత్తకుండా ఒక్క చూపులో పడుతుంది. మా కిటికీ నుంచి మేకు దాకా ఆరు మీటర్లు. అంటే మూడు మీటర్ల లోపు ఏదైనా పూర్తిగా కనబడుతుంది. అది పైహద్దు. కిందిహద్దుకి లెక్క కంటే కళ్ళనే నమ్మాను. మోకాలి ఎత్తు డమ్మీ ఆ దూరానికి, తప్పిపోయిన కుక్కపిల్ల కూర్చున్నట్టుంది. రెండో అట్టపెట్టె పెట్టాక నయమనిపించింది. మీటరు దాటాక కుదిరింది. దుకాణంలో పెద్దదిగా కనబడిన వస్తువు ఆరుబయటికి తెచ్చి ఆకాశం కింద పెట్టగానే కుంచించుకుపోతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదాని వైపే మొగ్గండి.

నడిమధ్యనా, పక్కనా? రెండూ సరైనవే, సందర్భాన్ని బట్టి. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి నాలుగు భాగాల తోటకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. అదే పద్ధతి తోటలో తాజ్‌మహల్‌ని మాత్రం మధ్యలో కాకుండా చిట్టచివర, యమున ఒడ్డున కట్టారు. మధ్యలో ఉన్నదాని చుట్టూ తిరుగుతాం. చివర ఉన్నదాని వైపు నడుస్తాం. దారికి అటూ ఇటూ ఒకేలా ఉండి, చూపు తిన్నగా పోయే తోట అయితే దారి చివర పెట్టండి. మా పెరటిలాగా ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు, మూల వంకర అయితే కిటికీ చట్రంలో నిలువుగా మూడు భాగాలు ఊహించుకుని ఒక భాగం గీత మీద పెట్టండి. పోర్ట్రెయిట్ తీసేటప్పుడు మనిషిని కాస్త పక్కకి జరిపి, అతను చూస్తున్న వైపు ఖాళీ వదిలేవాళ్ళం. ఇదీ అంతే.

బాన కథ

డమ్మీ స్థానంలో ఏం పెట్టాలా అని కొన్నాళ్ళు కొట్టుకున్నాం. చివరికి సామాన్ల గదిలో మూల పడున్న పెద్ద మట్టిబాన పనికొచ్చింది. మూతి దగ్గర ఒక పగులు ఉంది. కడుపు మాత్రం గుండ్రంగా, ఎర్రమట్టి రంగులో, పాతబడి అక్కడక్కడా తెల్లబారి ఉంది. అందులో ఏ మొక్కా పెట్టలేదు. ఈ మాట చెప్తే వచ్చినవాళ్ళకి మనసొప్పదు, "ఖాళీగా ఎందుకు, ఏదైనా వేయొచ్చుగా" అంటారు. చుట్టూ ఉన్నవన్నీ ఆకులే. ఆకుల మధ్య ఆకు కాని వస్తువు ఒకటి, గీత తెగకుండా నున్నగా ఉన్న ఆకారం ఒకటి ఉంటే చూపుకి విశ్రాంతి. బానలోంచి కొమ్మలు బయటికొస్తే ఆ ఆకారమే పోతుంది.

దాన్ని నిలబెట్టిన తీరు వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ బద్ధకిస్తే ఏడాది తిరగకుండానే ఒరిగిపోతుంది.

బాన అడుగు కంటే జానెడు వెడల్పుగా నేల తవ్వాను, లోతు ఓ చేతి వెడల్పు. అడుగు మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టి, కంకర పోసి మళ్ళీ కొట్టి, పైన ఇసుక పరిచి తడిపాను. దానిమీద రెండు వరసల ఇటుక. మట్టం చూసే పరికరం లేకపోతే పారదర్శకమైన సీసాలో సగం నీళ్ళు పోసి, మూత బిగించి, ఇటుకల మీద పడుకోబెట్టండి. నీటి గీత సీసా అంచుకి సమంగా ఉంటే నేల మట్టంగా ఉన్నట్టు. అటు ఒకసారి, ఇటు అడ్డంగా ఒకసారి చూడాలి. బుడగ ఏవైపుకి పోతే ఆవైపు ఎత్తుగా ఉన్నట్టు.

ఆ రెండు వరసల ఇటుక ఎంత మార్పు తెచ్చిందో చెప్పలేను. అంతకుముందు బాన అడుగుభాగం గడ్డిలో మునిగి, ఎవరో దించి మర్చిపోయినట్టు ఉండేది. పీట మీద ఎక్కగానే, కావాలని పెట్టిన వస్తువైంది. ఇటుకలు కనబడకుండా చుట్టూ పొట్టిగా, గుబురుగా పెరిగే ఒకే రకం గడ్డిమొక్క నాటాం. ఒకే రకం అన్నది గట్టిగా పట్టుకోండి. అక్కడ నాలుగు రకాల పూలమొక్కలు పెడితే చూపు బాన మీద నిలవదు, వాటి మధ్య తచ్చాడుతుంది.

అడుగున కన్నం ఉండాలి. లేకపోతే వాననీళ్ళు నిలిచి దోమలకి ఇల్లవుతుంది. మట్టిపాత్రకి కన్నం వేయాలంటే ముందు ఒక రాత్రి నీళ్ళలో నాననివ్వండి, కన్నం వేసేచోట టేపు అతికించండి, గోడలకి వాడే డ్రిల్ బిట్టు పెట్టి, సుత్తిలా కొట్టే హామర్ మోడ్ ఆపేసి, నెమ్మదిగా తిప్పండి. నొక్కొద్దు. ముందు సన్న బిట్టు, తర్వాత లావుది. నేను తొందరపడి నొక్కిన చిన్న కుండ ఒకటి రెండు ముక్కలయింది. బాన విషయంలో బుద్ధిగా ఉన్నాను.

మొక్కే ఫోకల్ పాయింట్ కావాలంటే

వస్తువు బదులు మొక్కని పెట్టుకోవచ్చు, కానీ పువ్వుని చూసి కాదు, ఆకారాన్ని చూసి ఎంచుకోండి. పూలు కొన్ని వారాలుంటాయి. ఆకారం ఏడాదంతా ఉంటుంది. దేవగన్నేరు నాకు ఇష్టం, ఎందుకంటే ఆకు రాల్చేసినప్పుడు కూడా ఆ మొద్దుబారిన కొమ్మలు చేతులు చాచినట్టు నిలబడతాయి. కిత్తలి జాతి మొక్కలు కత్తులు విప్పినట్టు బలంగా కనబడతాయి, కానీ దారి పక్కన, పిల్లల కళ్ళ ఎత్తులో వద్దు. ఆకు కొసన ముల్లు ఉంటుంది. అరటి పెద్ద ఆకుతో ఇట్టే కళ్ళలో పడుతుంది. గాలి ఎక్కువుండే చోట ఆ ఆకులు పీలికలైపోతాయి. కాగితం పూల తీగని కంచె మీద వదిలేస్తే రంగు గోడ అవుతుంది. ఒంటి కాండంతో చిన్న చెట్టులా కత్తిరించుకుంటూ వస్తే చూపు ఆగే చోటవుతుంది.

ఎంత ఎదుగుతుందో ముందే తెలుసుకోండి. నా క్రోటన్ నాటినప్పుడు జానెడే ఉంది పాపం.

వెనక తెర, పక్కన చట్రం

స్టూడియోలో వెనక తెర మార్చకుండా మనిషిని ఎంత సర్దినా ఫోటో రాదు. నల్లకోటు మనిషిని నల్లతెర ముందు కూర్చోబెడితే తల ఒక్కటే గాలిలో తేలుతుంది. పెరట్లోనూ వస్తువు కంటే దాని వెనకున్నదే ఎక్కువ పని చేస్తుంది. తెల్లగోడ ముందు తెల్ల విగ్రహం కనబడదు. రకరకాల ఆకుల ముందు చిల్లుల డిజైను ఉన్న ఇనుప స్టాండు కనబడదు. లేతరంగు వస్తువు వెనక ముదురు పచ్చని గుబురు ఉండాలి. ముదురు వస్తువు వెనక లేతగోడ ఉండాలి. గజిబిజి వస్తువు వెనక ప్రశాంతమైన తెర, నున్నటి వస్తువు వెనక కొంచెం సందడి ఉన్నా ఫరవాలేదు.

మా బాన వెనక గోరింట కంచె ఉంది. చిన్న ఆకులు, ఒకే రంగు, కత్తిరిస్తే గోడలా కుదురుగా ఉంటుంది. అంతకుముందు అక్కడ చారల క్రోటన్లు, మచ్చల ఆకులు, ఎర్రాకులు ఉండేవి. వాటిని పీకి పారేయలేదు, కిటికీకి కనబడని పక్కకి మార్చాం. తోట అంటే ఇష్టమున్నవాళ్ళకి ఇక్కడే కష్టం. ఒక్కటి కనబడాలంటే పది తలొంచాలి. నర్సరీకి వెళ్ళిన ప్రతిసారీ కొత్త రకం తెచ్చుకునే అలవాటున్నవాళ్ళు, వాటికోసం వేరే మూల కేటాయించుకోవడం మంచిది.

రంగుల సంగతి ఒకటుంది. ఎరుపు, నారింజ, పసుపు మనవైపు ముందుకొచ్చినట్టు కనబడతాయి. నీలం, ఊదా, బూడిద ఆకుపచ్చ వెనక్కి జరిగినట్టు కనబడతాయి. చివరి గోడ దగ్గర ఎర్ర కుండీ పెడితే ఆ గోడ దగ్గరికొచ్చేస్తుంది. పెరడు చిన్నదయితే అది నష్టం. పెద్ద ఆకులు ముందు, సన్న ఆకులు వెనక పెడితే లోతు పెరిగినట్టు అనిపిస్తుంది. దారిని కూడా అవతలి కొసన కొద్దిగా సన్నం చేస్తే ఇంకాస్త దూరంగా ఉన్నట్టుంటుంది. కొద్దిగానే. ఎక్కువ చేస్తే మోసం తెలిసిపోతుంది.

చట్రానికి పందిరి కమాను అక్కర్లేదు. దారి మొదట్లో అటొకటి ఇటొకటి ఒకే రకం కుండీలు పెట్టినా చాలు, చూపు ఆ రెండింటి మధ్యలోంచి దూరి అవతలికి పోతుంది. కాకపోతే కుండీలు సాదాగా ఉండాలి. కాపలావాళ్ళు రాజుగారికంటే బాగా ముస్తాబవకూడదు.

ఒక చూపుకి ఒకటే

బాన కుదిరిన ఉత్సాహంలో నేను దానికి కుడివైపు నీళ్ళ తొట్టి, ఎడమవైపు చెక్క బెంచీ పెట్టాను. మూడూ బాగున్నవే. కానీ కిటికీలోంచి చూస్తే గ్రూపు ఫోటోలో ముగ్గురూ నేనంటే నేనని ముందుకి తోసుకున్నట్టుంది. బెంచీని వరండా కుర్చీకి ఎదురుగా జరిపాం, అక్కడి చూపుకి అది. తొట్టి వెనక గుమ్మం పక్కకి పోయింది, గుమ్మం తీయగానే అది. మూడు చోట్ల నుంచి మూడు బొమ్మలు. ఏ ఒక్కచోట నుంచీ రెండు కనబడవు.

నీళ్ళ తొట్టి పెట్టేవాళ్ళకి ఒక్క మాట. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. అందుకని వారానికొకసారి నీళ్ళు పారబోయడమే కాదు, లోపలి అంచుల్ని బ్రష్షుతో రుద్దాలి. కొన్ని దోమల గుడ్లు నీటి గీతకి పైన గోడకి అంటుకుని ఎండినా బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పోయగానే పొదుగుతాయి.

బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్ళకి ఇదంతా వర్తించదనుకోకండి. ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. సోఫాలో కూర్చుంటే తలుపులోంచి కనబడే ముక్క ఒక్కటే మీ ఫ్రేము. ఆ ముక్కలో ఒకే ఎత్తున్న పదిహేను చిన్న కుండీలు వరసగా ఉంటే తరగతి గదిలా ఉంటుంది. వాటిలో ఒక ఎత్తయిన మొక్కని పక్కగా నిలబెట్టి, రెండు మూడింటిని దాని కాళ్ళ దగ్గర చేర్చి, మిగతావాటిని తలుపుకి కనబడని పక్కకి తీసేయండి.

బరువు మర్చిపోవద్దు. 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి కుండీలో దాదాపు 170 లీటర్లు పడుతుంది. తడిసిన మట్టితో నింపితే 250 కిలోలు దాటుతుంది. నేల మీదయితే చోటు ఖాయం చేసుకున్నాకే మట్టి పోయండి, తర్వాత జరపడం ఎవరివల్లా కాదు. బాల్కనీ, డాబా అయితే అంత బరువు పెట్టేముందు కట్టడం తెలిసిన ఇంజనీరుని అడగాల్సిందే.

పొద్దుగూకాక

మేం పెరట్లోకి ఎక్కువగా చూసేది చీకటి పడే వేళ. మొదట్లో బాన పక్కన ఎర్రమందారం ఉంటే బాగుంటుందనుకున్నాను. పగలు నిప్పులా ఉండేది. ఆరున్నరకల్లా పువ్వు ఉన్నచోట నల్లటి కన్నం ఉన్నట్టు కనబడేది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందుగా చీకటవుతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దంలో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. స్టూడియో డార్క్‌రూములో ఎర్రబల్బు కింద బ్లాక్ అండ్ వైట్ కాగితానికి ఏమీ కాకపోవడం నాకు అలవాటే, అక్కడ కాగితానికి ఎరుపు కనబడదు. సాయంత్రం పూట నా కళ్ళూ ఆ కాగితం దారిలోకే వస్తాయని మందారం నేర్పింది.

దాని బదులు నందివర్ధనం పెట్టాం. తెల్లపూలు చివరి వెలుతురు దాకా కనబడతాయి. సాయంత్రం చూసేవాళ్ళు తెలుపు, లేతపసుపు, వెండి రంగు ఆకుల వైపు వెళ్ళండి.

దీపం పెట్టుకోవాలంటే ఒకటే, చిన్నది. బయట తడిలో ఉంటుంది కాబట్టి 12 వోల్టులది నయం. బల్బు మీ కంటికి కనబడకూడదు, దాని వెలుగు పడిన వస్తువే కనబడాలి. ఒక రాయి చాటున, వస్తువుకి పక్కగా, కింద పెట్టండి. ఎదురుగా పెడితే బాన అప్పడంలా చదునైపోతుంది. పక్కనుంచి పడితే ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ వచ్చి కడుపు గుండ్రంగా తేలుతుంది. మొహాలకి లైటు పెట్టేటప్పుడూ ఇదే చేసేవాళ్ళం. పసుపుగా, వెచ్చగా వెలిగే 2700 కెల్విన్ బల్బు తీసుకోండి, కెల్విన్ అంటే ఇక్కడ వెలుగు రంగుకి కొలత. తెల్లటి ట్యూబులైటు వెలుగులో మట్టిబాన కూడా ప్లాస్టిక్‌లా కనబడుతుంది. పడుకునేముందు ఆపేయండి, పురుగులకీ పక్షులకీ చీకటి కావాలి.

ఇక ఏడాదికి రెండుసార్లు ఆ చుక్క ఉన్నచోట నిలబడి మళ్ళీ ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తాను. రోజూ చూసే కళ్ళకి కొమ్మ పెరిగిన సంగతి తెలియదు, ఫోటోలో తెలిసిపోతుంది. కిందటిసారి గోరింట కంచె ముందుకి పెరిగి బాన భుజం మీదికి వచ్చేసింది, ఆ మధ్యాహ్నమే కత్తిరించాను.

కొంగని ఏం చేశారని అడుగుతారేమో. జపాన్‌లోని క్యోటోలో ర్యోఆన్‌జీ అనే గుడిలో రాళ్ళతోట ఉంది. అందులో 15 రాళ్ళున్నాయి. చూసేవాళ్ళు కూర్చునే వరండాలో ఎక్కడ కూర్చున్నా కనీసం ఒకటి చాటునే ఉండిపోతుందని ప్రసిద్ధి. అది గుర్తొచ్చి కొంగని పారేయలేదు. ఏ కిటికీకీ, ఏ కుర్చీకీ కనబడని చోట, కుళాయి వెనక ఫెర్న్ మొక్కల మధ్య దాన్ని దింపాం. పైపు తీసుకోవడానికి అక్కడికి వెళ్ళి మలుపు తిరిగితే తప్ప ఎదురుపడదు. మొన్న ఇంటికొచ్చిన ఓ ఏడేళ్ళ పిల్లాడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి పెద్దగా అరిచాడు. మా ఆవిడ కంగారుగా పరిగెత్తింది.

"తాతగారూ, ఇక్కడెవరో ఒంటికాలి మీద నిలబడ్డారు!"